పెద్దమ్మ ఎండబెట్టిన కుంట

గద్వాల చీరల మూట భుజాన వేసుకొని ఊరూరూ తిరిగే మూటలాయన మొన్న మా అరుగు మీద చీరలు పరిచాడు. ఒక చీర అంచు నా చేతికిచ్చి, మాటల మధ్యలో మామూలుగా అన్నాడు.

"వనపర్తిల వకీలు సాబు భార్య లేదా తల్లీ, మీరంత పెద్దమ్మ అంటుంటిరి గద... పోయింది. పోయిన అమాసకు."

"ఏం జబ్బు?" అన్నాను.

"ముసలితనమే జబ్బు. గానీ ఆఖరిదాంక నోరు మాత్రం గట్టిగుండె."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. మూటలాయన పరేషాన్ అయ్యి చీరలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఊళ్లో అందరి నోళ్లూ మూయించిన మనిషి నోరు ఆఖరిదాకా మూతపడలేదంటే నవ్వక ఏం చేయను? ఆమె మాకు చెప్పిన మొదటి పాఠమే అది. "నోరు మూస్కో!"

పెద్దమ్మ నాకు వరసకు ఏమీ కాదు. వకీళ్ల వీధిలో పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే. భారీ మనిషి. నేల మీద నాలుగడుగులు వేస్తే ఆయాసం. మా ఇంటికి వస్తే ముందు గడప మీద కూర్చొని, ఊపిరి తీసుకొని, తర్వాతే తిట్టడం మొదలుపెట్టేది. అదే మనిషి గోచీ పోసి చీర బిగించి తోటకుంటలో దిగితే మేము ఆనిగెపుకాయ అనే ఎండిన సొరకాయలాగా తేలేది. వెల్లకిలా పడుకొని, చేతులు కట్టుకొని, నీళ్ల మీదనే ఆకాశానికేసి చూస్తూ మాతో మాట్లాడేది. ముక్కుపుడకలు రెండూ ఎండకు మెరుస్తుండేవి. అట్లా తేలుతూ ఆమె ఒక కునుకు కూడా తీసేదని మా అమ్మ ఒట్టు పెట్టి చెప్పేది. నేను చూడలేదు గాని నమ్మాను.

తోటకుంట వనపర్తి బయట మామిడితోటలో ఉండేది. సంస్థానంలో వెనకటివాళ్లెవరో పడవ షికారు కోసం కట్టించుకున్నారట. మూడు వైపులా చెక్కిన రాతి మెట్లు, నాలుగో వైపు మట్టికట్ట, కట్ట కింద తూము. పడవ ఎప్పుడో పగిలి వంటచెరకు అయిపోయింది. కుంట మిగిలింది. ఎండకాలం మధ్యాహ్నాలు వకీళ్ల ఇండ్ల ఆడవాళ్లు, కచేరీ ఉద్యోగుల ఇండ్ల ఆడవాళ్లు అక్కడికి పోవచ్చునని మాట ఉండేది. ఎవరు ఇచ్చిన మాటో తెలియదు. మేము పోయేటప్పుడు తోటమాలి గేటు బయటికి వెళ్లి, అటు తిరిగి బీడీ కాల్చుకునేవాడు.

మగపిల్లలకు ఊరి చుట్టూ బావులు ఉన్నాయి. ఏ దిగుడుబావిలో దూకినా అడిగేవాడు లేడు. ఆడవాళ్లు తల తడిపి, కాళ్లు బార్లా చాపి, గట్టిగా నవ్వుకుంటూ ఈదగలిగే చోటు మాత్రం మా ఎరుకలో అదొక్కటే. అది పెద్దమ్మకు మాకన్నా బాగా తెలుసు. అందుకే ఆ నీళ్లను కంట్లో నలుసు పడకుండా చూసుకున్నట్టు చూసుకునేది. ఎవరూ ఆమెను కావలి పెట్టలేదు. తనను తానే పెట్టుకుంది.

ఆమె కట్టడి మామూలు కట్టడి కాదు. తలకు నూనె పెట్టుకొని వస్తే ఇంటికి పంపేది. కుంకుడురసం, సున్నిపిండి మెట్ల దరికి రానిచ్చేది కాదు. తను వక్కాకు నమిలేది గాని ఊయడానికి పక్కన ఒక డబ్బా పెట్టుకొనేది. నీళ్లలో ఉమ్మిన పిల్లను జుట్టు పట్టి బయటికి తీసేది. అన్నిటికన్నా కిందిమెట్టు మీద ఒక సున్నపు బొట్టు పెట్టి ఉండేది. వచ్చీ రాగానే కట్ట మీద నిలబడి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకొని ఆ బొట్టు కోసం చూసేది. బొట్టు కనపడితే ఈత. కనపడకపోతే లేదు. ఒక వాన పడి నీళ్లు ఎర్రబడితే, అవి తేరి బొట్టు మళ్లీ కనపడేదాకా మేము ఎంత ఏడ్చినా వినేది కాదు.

"లోపల ఏమున్నదో కనపడని నీళ్లల్ల బర్రె దిగుతది. మీరు బర్రెలా?"

కుంటకు అడ్డంగా ఒక కొబ్బరితాడు కట్టి, దానికి ఎండిన ఆనిగెపుకాయ బుర్రలు వేలాడదీసింది. తాడు ఇవతల మేము, అవతల తూము దగ్గరి లోతు. తాడు దాటితే ఆ ఎండకాలం అంతా ఒడ్డు మీద కూర్చోవలసిందే. ఇక ఈత నేర్పడమంటే ఆమెకు ఒకటే మంత్రం.

"నోరు మూస్కో! ముక్కుతోని ఇడువు! నీళ్లు నోట్ల పట్టకు!"

కొత్తగా బదిలీ మీద వచ్చిన మునసబు గారి భార్య ఒకనాడు తలకు ఆముదం దట్టించుకొని, మొగుని హోదా నడకలో చూపిస్తూ వచ్చి, మెట్లు దిగుతూ ఏదో చెప్పబోయింది. పెద్దమ్మ నీళ్లలో నుంచే "నోరు మూస్కో తల్లీ, ముందు తల కడుక్కొని రా" అన్నది. ఆమె అట్లాగే వెనక్కి తిరిగిపోయింది. ఆ సాయంత్రం వకీలు సాబు మునసబు గారి ఇంటికి పోయి నీళ్లు నమిలి వచ్చాడని వీధంతా చెప్పుకుంది. మునసబు భార్య మాత్రం మూడోనాడు తల రుద్దుకొని వచ్చింది. రెండు నెలల్లో మంచి ఈతగత్తె అయింది.

ఈ నోరు మూసుకోవడం వెనక ఒక భయం ఉంది. అది ఆమెకు దవాఖాన డాక్టరు సాబు పెట్టింది. పాలమూరు వాళ్లకు నారికురుపు అంటే చెప్పనక్కర లేదు. ఇప్పటి పిల్లలకు చెప్పాలి. కాలి మీద ఒక పొక్కు లేచేది, నిప్పు పెట్టినట్టు మండేది. పొక్కు చిట్లితే తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు. తెగితే కాలు వాచి చీము పట్టి మనిషి మంచానికి అంటుకుపోయేవాడు. నాగర్‌కర్నూలు వైపు ఊళ్లలో నాట్ల కాలంలో ఇంటికొకరు మూలుగుతూ పడి ఉండేవాళ్లు. అది గ్రహచారమని కొందరు, వేడి అని కొందరు, అమ్మవారని కొందరు.

వకీలు సాబు గుమాస్తాకు నారి లేస్తే చూడ్డానికి వచ్చిన డాక్టరు సాబు, పెద్దమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ విసుగ్గా అన్నాడట. "ఇది నీళ్లల్ల నుంచి వస్తదమ్మా. నారి ఉన్నోడు మండుతుందని కాలు బావిల పెడ్తడు. పురుగు అండ్ల గుడ్లు ఇడుస్తది. కొన్నాళ్లకు ఆ నీళ్లు వడగట్టకుండ తాగినోనికి, మల్ల ఏడాదికి నారి లేస్తది. ఎంతమందికి చెప్పినా వినరు. ఏడాది కింద తాగిన నీళ్ల సంగతి ఎవనికి యాదికుంటది?"

పెద్దమ్మ విన్నది. ఎందుకు విన్నదో నాకు తెలియదు. ఆమె మామూలుగా ఎవరి మాటా వినే మనిషి కాదు. ఆ రోజు నుంచి నడుముకు ఒక మడతబట్ట దోపుకొని తిరిగేది. ఎవరింట్లో మంచినీళ్లు ఇచ్చినా ఆ బట్ట చెంబు మీద వేసి వడగట్టుకొని తాగేది.

"మా ఇంట్ల నీళ్లల్ల పురుగులున్నయా అక్కా?" అని మా అమ్మ ఒకసారి మూతి ముడిచింది.

"మీ ఇంట్ల లేవు. మీ బాయిల ఉన్నయి," అని గటగటా తాగి, బట్ట పిండుకొని పోయింది.

ఇంతవరకు చెప్తే ఆమె నవ్వులాట మనిషిగానే కనపడుతుంది. ఒకనాటి సంగతి చెప్పాలి. తోటలో కలుపు తీయడానికి పల్లె నుంచి కూలి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. కుంట మెట్లు వాళ్లకు ఏనాడూ లేవు. కట్ట కింద కాల్వలో పారే నీళ్లే తాగేవాళ్లు, ఆ నీళ్లూ కుంటవే. వాళ్లలో ఒకామె, ముప్పై ఏళ్లుంటాయేమో, పాదం కుండలాగా వాచి, కుంటుకుంటూ అలుగు పక్క మూలకు వచ్చింది. ఎవరూ చూడడం లేదనుకొని కాలు నీళ్లలో పెట్టబోయింది.

"ఏయ్! పెట్టకు! కాలు తియ్యి!" పెద్దమ్మ అరుపుకు మామిడిచెట్ల మీది చిలుకలు లేచిపోయాయి.

ఆమె ఉలిక్కిపడి నిలబడింది. "మండుతుంది దొరసానీ. జర తడుపుకొని పోత."

"తడుపుకో, వద్దంటలేను. కుంటల కాదు. గోలెంల పోయిస్త, అండ్ల పెట్టుకొని కూసో."

"మేము ముట్టరాదని చెప్పు, పోత. గోలెం ముచ్చటెందుకు?"

"ముట్టుడు కాదే పిచ్చిదానా! నీ పుండుల పురుగున్నది. నీళ్లల్ల ఇడిస్తే అందరికి లేస్తది. మీ పిల్లలు తాగేది గీ నీళ్లే గద."

ఆమె పెద్దమ్మను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "ఎద్దు పుండు నొప్పి కాకికేం ఎరుక," అని, ఒడ్డున అంచు పగిలి పడున్న గోలెం తొట్టి వైపు కన్నెత్తి చూడకుండా ఎండలో కుంటుకుంటూ వెళ్లిపోయింది.

మెట్ల మీద ఉన్న మా ఆడవాళ్లు సంతోషించారు. "మంచిగ చెప్పినవ్ అక్కా. ఊకుంటే మెట్ల మీదికే వస్తరు" అన్నారు. పెద్దమ్మకు కోపం ముంచుకొచ్చింది. "నేను చెప్పింది గది కాదు. మీకొస్తే మీకూ గదే చెప్త" అన్నది. ఎవరూ పట్టించుకోలేదు. వెళ్లిపోయిన ఆమె, మెట్ల మీది వీళ్లు, ఇద్దరూ పెద్దమ్మ మాటను కులం మాటే అనుకున్నారు. ఆమెకు కులం పట్టింపు లేదని నేను చెప్పను. ఇంట్లో బాగానే ఉండేది. పల్లె నుంచి వచ్చినవాళ్లకు నీళ్లు పోసే చెంబు వేరే ఉండేది. అందుకే ఆ రోజు ఆమె మాటను నమ్మమని ఎవరినీ అడిగే మొహం ఆమెకు లేకపోయింది. ఆ సాయంత్రం మాకు ఈత నేర్పకుండా కట్ట మీదనే కూర్చుంది.

ఆ చలికాలంలో పెద్దమ్మ తమ్ముని బిడ్డ పెండ్లి నాగర్‌కర్నూలు దగ్గర ఒక పల్లెలో అయింది. తర్వాత ఆ ముచ్చట ఆమే చెప్పి నవ్వింది. మగపెండ్లివారి ఊరు. వియ్యపురాలు స్వయంగా వెండిచెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు కొత్త చుట్టాల తీరు ఎట్లా ఉంటుందోనని చూస్తున్నారు. పెద్దమ్మ చెయ్యి నడుము మీది బట్ట దాకా పోయిందట. వియ్యాలవారిచ్చిన నీళ్లను వాళ్ల ముందే వడగడితే, మీ ఇంటి నీళ్లు మురికివి అని మొహాన చెప్పినట్టే. రేపు ఆ ఇంట్లో ఉండబోయేది తమ్ముని బిడ్డ. బట్టను అట్లాగే వదిలేసి, చెంబు ఎత్తి తాగేసింది.

"ఊరందరి నోరు మూయించిన. గాడ నా నోరు మూస్కుంటె అయిపోవు. తెరిసిన," అన్నది.

మళ్లీ చలికాలం పోయి ఎండలు ముదిరేనాటికి ఆమె ఎడమ చీలమండ మీద పొక్కు లేచింది.

అవి యుద్ధం రోజులు. మాకు యుద్ధమంటే కిరసనాయిలు దొరకకపోవడమే. ఆ ఎండకాలం మాత్రం ఇంకో లోటు వచ్చిపడింది. పెద్దమ్మ కుంటలో దిగడం మానేసింది. గట్టు మీద తాటాకు నీడ వేయించుకొని, ఆనాటి అంచు పగిలిన గోలెంలోనే నీళ్లు పోయించుకొని, కాలు అందులో పెట్టుకొని కూర్చునేది. ఆ నీళ్లను సాయంత్రం దూరంగా ఎర్రమట్టి నేల మీద పారబోయించేది. నొప్పి ఎక్కువైనప్పుడు పెదవి కొరుక్కొని, ఆ కసి అంతా మా మీద తీర్చుకునేది. "కాళ్లు కొట్టు! కప్పను చూడలేదా ఎన్నడు?" ఎదురుగా చల్లని కుంట. ఆమె ప్రాణమంతా ఆ నీళ్లలోనే ఉంది. ఒక్కసారి కాలు పెడితే మంట చల్లారుతుంది. ఆ మెట్లవైపు మాత్రం ఒక్క అడుగు వేయలేదు. నాకు ఆమె మీద మొదటిసారి గౌరవం కలిగింది ఆ రోజుల్లోనే. అప్పటిదాకా భయమే.

ఆ ఎండకాలమే కచేరీ నాజరు గారి కొడుక్కు పెండ్లయి అలంపురం నుంచి కొత్తకోడలు వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. తుంగభద్రలో ఈదిన పిల్ల. మేమంతా ఆమెకు కుంటలో కప్పల్లాగా కనపడ్డాము.

"ఏరు ఈదినదాన్ని. గీ గోలెంల తాడెందుకు పెద్దమ్మా?" అన్నది.

"ఏరు నిన్ను మోసుకపోతది బిడ్డా. కుంట మోసుకపోదు, గుంజుకుంటది. తూము దిక్కు పోకు," అన్నది పెద్దమ్మ.

కొన్నాళ్లు ఆ పిల్ల ఆగింది. ఒక మధ్యాహ్నం, పెద్దమ్మ ఎవరితోనో మాట్లాడుతుండగా, తాడు కింద నుంచి మునిగి అవతల తేలింది. చెయ్యి ఎత్తి నాకు చూపించి నవ్వింది. ఆ పూట తోటమాలి చెట్లకు నీళ్లు పెట్టడానికి కట్ట కింద నుంచి తూము తెరిచాడని ఆమెకు తెలియదు. ఏట్లో నీళ్లు ఎటు పోతున్నాయో కంటికి కనపడుతుంది. కుంటలో పైన ఆకు కదలదు, అడుగున మాత్రం లాగేస్తుంది. ఆమె చీర కొంగు తూములో చిక్కింది. తల ఒకసారి పైకి వచ్చింది. కళ్లు చూశాను. మళ్లీ మునిగింది.

నేను తాడు పట్టుకొని అరిచాను. మెట్ల మీద ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎవరో తోటమాలి కోసం గేటు వైపు పరుగెత్తారు. ఇంతలో కట్ట మీద నుంచి పెద్ద చప్పుడుతో ఏదో నీళ్లలో పడింది. పెద్దమ్మ దూకింది.

లోపల ఏం చేసిందో మాకు కనపడలేదు. చీరను ఊడదీసి పిల్లను విడిపించిందని తర్వాత తెలిసింది. ఆ పిల్లను జుట్టు పట్టుకొని, ఒంటిచేత్తో ఈదుకుంటూ మెట్ల దాకా తెచ్చింది. బోర్లా పడుకోబెట్టి వీపు చరిస్తే కడుపులోని నీళ్లు కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక గాని మాకెవరికీ ఊపిరి ఆడలేదు. ఆడవాళ్లు ఒకరు పెద్దమ్మ చేతులు పట్టుకున్నారు, ఒకరు దండం పెట్టారు. ఒకరు తమ చీర తెచ్చి ఆ పిల్లకు కప్పారు.

పెద్దమ్మ ఎవరి వంకా చూడలేదు. మెట్టు మీద కూర్చొని తన ఎడమకాలు చూసుకుంటోంది. పొక్కు పగిలిపోయింది.

"పాల లెక్క తెల్లగ పోయింది నీళ్లల్లకు," అన్నది మెల్లగా. తర్వాత లేచి, మామూలు గొంతుతో అరిచింది. "ఎవ్వలు దిగొద్దు. లేవుండ్రి. గీ నీళ్లు ఇగ పనికిరావు."

మేము నమ్మలేకపోయాము. ప్రాణం కాపాడిన చోట ఇంత మాటా? కాని ఆమె ఆ సాయంత్రమే డాక్టరు సాబును పిలిపించింది. ఆయన విని, ఆ పిల్లకు భయం లేదు, ఇప్పుడు మింగిన నీళ్లతో రాదు, కొన్నాళ్లు పోయాక ఆ నీళ్లు తాగినవాళ్లకే వస్తుందని చెప్పాడు.

"మందు చల్లితే సరిపోతదేమో" అని కూడా అన్నాడు.

"ఏమో అంటే ఒప్పుకోను సాబ్. ఏమో అన్న నీళ్లు కాల్వల పారియ్యను," అన్నది ఆమె.

వకీలు సాబు మెత్తని మనిషి. భార్యకు ఎదురు చెప్పడం ఆయన వృత్తిలో లేదు. ఆ రోజు మాత్రం చెప్పాడు. మా అమ్మ అక్కడే ఉన్నది. "కుంట పారబెడితే తోట చూసే దరోగా ఊకోడు. ఎండకాలం. తోట ఎండుతది. ఇగ మీ ఆడోళ్లను గేటు లోపలికి రానియ్యరు. అసలు పొక్కు నీళ్లల్ల పగిలిందని ఎవరు చూసిండ్రు చెప్పు? ఊకుంటే అయిపాయె."

"నేను చూసిన గద," అన్నది పెద్దమ్మ.

తెల్లవారి బండి కట్టించుకొని తోటకు పోయింది. మేమూ పోయాము. తోటమాలి తూము దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"దరోగా సాబు నా తోలు తీస్తడమ్మా."

"తీస్తే నా తోలు తియ్యమను. నా దగ్గర దండిగున్నది. తెరువు."

ఆమె కాల్వను కూలివాళ్లు తాగే చోటికి పోకుండా మళ్లించింది. మామిడిచెట్ల పాదులు నింపించింది. మిగిలింది ఎర్రమట్టి బీడులోకి వదిలింది. అదే ఎండలో గొడుగు పట్టుకొని, కాలికి గుడ్డ కట్టుకొని, అడుగు కనపడేదాకా రోజూ వచ్చి కూర్చుంది. ఊరు ఊరంతా తిట్టింది. పాలమూరులో ఎండకాలం నీళ్లు పారబోయడం ఆవును కొట్టినంత పాపం. నాకూ ఏడుపొచ్చింది. మెట్లు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఎవరో చచ్చిపోతున్నట్టే ఉండింది.

నీళ్లు మడుగయ్యేసరికి పల్లె నుంచి జనం చేపల కోసం వచ్చారు. వాళ్లలో ఆ కూలామె ఉన్నది. కాలు నయమైంది గాని కొంచెం ఈడ్చి నడుస్తోంది. గంప చేతిలో పట్టుకొని, పెద్దమ్మ కాలి కట్టు వైపు, ఖాళీ అవుతున్న కుంట వైపు చూస్తూ నిలబడింది.

"నీ కాలు వడ్డదనేనా దొరసానీ, గిట్ల పారవోస్తున్నవ్?"

"ఆఁ."

"గట్లయితే గప్పుడు నువ్వు నాతోని అన్నది... నిజంగ పురుగు మాటనేనా?"

"పురుగు మాటనే."

ఆమె గంప చంకకు మార్చుకుంది. "గా మాట నిజమని చెప్పెతందుకు ఎంత కర్సు పెట్టుకుంటివి తల్లీ," అన్నది. మడుగులోకి చేపల కోసం దిగబోతూ ఆగి, "దిగొచ్చునా?" అని అడిగింది. అడుగున కాళ్లు తగిలితే భయం లేదు, ఆ నీళ్లు మాత్రం ఎవ్వరూ తాగొద్దని పెద్దమ్మ చెప్పింది. ఆమె వెనక్కి తిరిగి తనవాళ్లందరికీ కేకవేసి అదే మాట చెప్పింది. పెద్దమ్మ మాటను ఎవరైనా నమ్మి ఇంకొకరికి చెప్పడం నేను చూసింది అప్పుడే.

వకీలు సాబు చెప్పినదంతా అయింది. దరోగా తోటగేటుకు తాళం వేయించాడు. వానలు పడి కుంట మళ్లీ నిండింది, తాళం మాత్రం తీయలేదు. మా ఈత అక్కడితో సరి. నాజరు గారి కోడలు పుట్టింటికి పోయి వచ్చి, "నన్ను తీసింది, సరే. కుంటనెందుకు పోగొట్టింది?" అని వీధిలో అన్నది. ఏరు దాటినాక తెప్ప తగలేయడమంటే ఇదే అని నేను పళ్లు కొరికాను. నిజం చెప్తే, నా మనసులోనూ ఆ మాటే ఉండింది. పెద్దమ్మ పురుగును పుల్లకు చుట్టించుకుంటూ రెండు నెలలు మంచం మీద ఉన్నది. లేచాక ఆ కాలు వంగలేదు. ఈత ఆమెకూ పోయింది.

మరుసటి ఎండకాలం ఆమె దగ్గరికి పోయాను. అరుగు మీద కూర్చొని, కర్ర పక్కన పెట్టుకొని, వక్కాకు నములుతోంది.

"మీ ఇంట్ల ఎవరికన్న నారి లేసిందా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా."

"నాజరు కోడలికి?"

"లేదు."

"పల్లెల? తోట పనిచేసేటోళ్లకు?"

"ఎవ్వరికీ లేవలేదంట. తోటమాలి చెప్పిండు."

ఆమె తల ఊపింది. ఇక చెప్పక తప్పలేదు నాకు. "ఎవ్వరికీ ఏం కాలేదు గద, ఉత్తగనే కుంట ఎండబెట్టింది అంటుండ్రు పెద్దమ్మా. మన వీధిల అందరు అంటుండ్రు. మునసబు భార్య కూడ వచ్చి మా అమ్మతోని గదే అన్నది."

నాకు ఆమె తరఫున కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. డబ్బా దగ్గరికి లాక్కొని ఊసి, మూతి తుడుచుకుంది.

"అననియ్యి బిడ్డా," అన్నది. "తమ కాళ్లతోని నడుసుకుంట వచ్చే అంటుండ్రు గద."